క్లిక్కుకు ముందు అయిదు సెకన్లు

ఆ ఆదివారం ఉదయం ఫొటోగ్రాఫర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు అపార్టుమెంటు కింది హాల్లో అందరి ఫొటోలూ చూపించాలి. పన్నెండుకల్లా బాగున్నాయనిపించుకోవాలి. ఆ ఊపు తగ్గకముందే మూడో అంతస్తులోని తమ ఇంటికి వచ్చి భార్యతో ఒక్క మాట చెప్పాలి. మొదటి రెండూ ఆయనకు పెద్ద లెక్కలోవి కావు. మూడోదే పది రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతున్నది.

ఆ మాట ‘వెళ్లొద్దు’. ఇంతోటి మాటకు పది రోజులా అని మీరనవచ్చు. మీ ఇంట్లో మీరు ఎన్ని మాటలు ఎన్నేళ్ళుగా దాచుకున్నారో ఒకసారి చూసుకుని అప్పుడు అనండి.

సంగతి ఇది. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ చిన్న స్టూడియోలో ఫొటోలు తీసేది ఆయన, తేల్చేది ఆవిడ. ఒక మనిషిని కూర్చోబెడితే ఆయన ఇరవైసార్లు క్లిక్కుమనిపిస్తాడు. ఆ ఇరవైలో పంతొమ్మిది ఎవరైనా తీయగలిగినవి. మిగిలిన ఆ ఒక్కటీ ఏదో ఆవిడ చెబుతుంది. ఆవిడ చెప్పిన ఫొటో చూసుకుని మనుషులు తమను తాము కొత్తగా చూసుకున్నట్టు ఇంకోసారి దగ్గరికి తీసుకుని చూస్తారు. ఆయనకు మాత్రం ఇరవైకి ఇరవై ఒకేలా కనిపిస్తాయి. ఆయనకు తేడా తెలియదన్న ఈ రహస్యం మాత్రం భార్యాభర్తలిద్దరికే తెలుసు.

మెయిన్‌రోడ్డులో అద్దాల తలుపుల పెద్ద స్టూడియో ఒకటుంది. ఆవిడ చేతి మహిమ ఆ యజమాని చెవిన పడింది. మా దగ్గరికొచ్చి ఫొటోలు ఎంచి పెట్టండమ్మా అని కబురు పెట్టాడు. ఒకటో తారీకున, అంటే ఈ సోమవారమే, చేరాలి. గురువారం ఒక రోజు వెళ్ళి పని చూసి రమ్మంటే ఆవిడ వెళ్ళొచ్చింది. సాయంత్రం ఎలా ఉందని ఆయన అడిగితే, “ఏసీ బాగుంది” అంది. ఇంకేముంది, అక్కడ కుదురుకున్నట్టేనని ఆయన తీర్మానించేసుకున్నాడు.

ఆపే ధైర్యం లేక కాదు, ఆపే మొహం లేక ఊరుకున్నాడు. ఆవిడకు ఏడాదిగా మోకాలి నొప్పి. ఒకప్పుడు ఆయన పక్కనే లైటు పట్టుకుని నిలబడేది, ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు ముందు ప్లాస్టిక్ కుర్చీలో దిండు వేసుకుని కూర్చుంటోంది. అక్కడైతే గుండ్రంగా తిరిగే మెత్తటి ఆఫీసు కుర్చీ, నడుముకు ఆనిక. అలాంటి చోటు వదులుకుని నా దిండు మీదే ఉండమని ఏ నోటితో చెప్పను అనుకున్నాడు. పోనీ, చివరి పనైనా చక్కగా జరిగితే ఆ సంతోషంలో నోరు పెగులుతుందేమో అనుకున్నాడు.

ఆ చివరి పనే ఈ అపార్టుమెంటు ఫొటోలు. ముప్పై ఇళ్ళున్నాయి. ఇంటికొక ఫొటో చొప్పున తీసి కింది హాలు గోడకు తగిలించాలని సెక్రటరీ ఆలోచన. తగిలించే ముందు హాల్లోని పెద్ద టీవీలో అందరికీ చూపించాలి.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించే పని స్నానం చేసొచ్చి చేస్తానంది భార్య. రేపటి నుంచి ఎవరు ఎక్కిస్తారు, నేర్చుకోవాల్సిందేగా అని ఆయన ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కంప్యూటరు ఆయనకు పరాయి రాజ్యం. ఎప్పుడు చూసినా ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీడియా ప్లేయర్‌లో ఏవో నడుపుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఉంటుంది. పాటలు వింటూ పని చేసుకుంటోంది పాపం అని ఆయన ఏనాడూ ఆ తెరలోకి తొంగి చూడలేదు.

అపార్టుమెంటు పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించాయి. ఒకదాంట్లో ఇరవై తొమ్మిది ఉన్నాయి. రెండోదాంట్లో ముప్పై. ఇళ్ళు ముప్పై కాబట్టి ముప్పై ఉన్నదే అసలుదని ఆయన లెక్క తేల్చాడు. లెక్క సరిగ్గానే ఉంది, దాని మీద కట్టిన మేడే కూలింది. ఇరవై తొమ్మిది ఉన్నవి ఎంచిన ఫొటోలు. తమ ఇంటి ఫొటో ఆవిడ ఇంకా ఎంచలేదు. ముప్పై ఉన్నవి ఫొటోలే కావు.

ఎనిమిది నెలల కిందట కొన్న కొత్త కెమెరాకు ఒక అలవాటుంది. క్లిక్కుమన్నప్పుడల్లా దానికి ముందు గడిచిన అయిదు సెకన్లను కూడా చిన్న వీడియోగా దాచిపెడుతుంది, శబ్దంతో సహా. కొట్టువాడు ఆ మీట నొక్కే ఇచ్చాడు. ఆ సంగతి భార్యకు మొదటి రోజే తెలిసింది. ఫొటోగ్రాఫర్‌కు ఈ ఆదివారం పొద్దున్న కూడా తెలియలేదు.

ఆయన మొదటి దాని మీద నొక్కితే మీడియా ప్లేయర్ తెరుచుకుంది. సెక్రటరీ మెల్లగా ఊపిరి పీల్చి, భుజాలు సర్దుకుని, ఒక్క చూపు చూసి ఆగిపోయాడు. రెండోది నొక్కితే రెండో ఇంటివాళ్ళూ అలాగే కదిలి ఆగారు. హెడ్‌ఫోన్ల తీగ కంప్యూటరుకే ఉంది కాబట్టి చిన్న శబ్దమైనా బయటికి రాలేదు. వెళ్ళిపోయే ముందు ఫొటోలకు ప్రాణం పోసి మరీ వెళ్తోందే అనుకుని ఆయన కళ్ళు తుడుచుకుని, ముప్పైనీ ఎక్కించుకుని, భార్యకు చెప్పకుండా కిందికి దిగిపోయాడు.

హాల్లో సెక్రటరీ అప్పటికే నాలుగు మూలలా పెట్టిన కొత్త స్పీకర్లకు తీగలు తగిలిస్తున్నాడు. అవి ఆయన పట్టుబట్టి కొనిపించినవి. అంత శబ్దం మనకెందుకని ట్రెజరర్ అడ్డు తగిలాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూగా ఉంది. ఫొటోలకు శబ్దమేమిటని ఫొటోగ్రాఫర్ నసిగినా, వెనకాల చిన్న సంగీతం పెడదాం, స్పీకర్ల సత్తా కూడా తెలుస్తుందని సెక్రటరీ శబ్దాన్ని బాగా పెంచాడు. కుర్చీలు నిండాయి. భార్య తయారై వచ్చేసరికి ఆలస్యమై తలుపు పక్కన వెనక వరసలో కూర్చుంది.

మొదట సెక్రటరీ బొమ్మే. టీవీలో ఆయన నిటారుగా నిలబడగానే హాలు దద్దరిల్లేలా ఒక బొంగురు గొంతు పలికింది. “పొట్ట లోపలికి... ఇంకా... ఇంకా... సరే, ఇంతకన్నా పోదు.”

హాలంతా ఘొల్లుమంది. సెక్రటరీ మొహం కందిపోయింది. అందరికన్నా ఎక్కువ కోపం వచ్చింది మాత్రం ఫొటోగ్రాఫర్‌కు. మనిషన్నవాడికి తన గొంతు బయటినుంచి ఎలా వినిపిస్తుందో తెలియదు. ఎవడో మర్యాద లేని మనిషి వెనకనుంచి వ్యాఖ్యానం చేస్తున్నాడనుకుని గిరుక్కున తిరిగాడు. సరిగ్గా వెనక కుర్చీలో ట్రెజరర్ ఉన్నాడు. హాస్యానికైనా హద్దుండాలండీ అని ఆయన్ని మందలించాడు. సెక్రటరీ అందుకున్నాడు. స్పీకర్ల కసి ఈ రకంగా తీర్చుకుంటున్నారా అన్నాడు. నేను పెదవి విప్పితే ఒట్టు అని ట్రెజరర్ మొత్తుకుంటుంటే, ఆయన భార్య లేచి, ఏ గొడవా లేకుండా తన అరచేత్తో ఆయన నోరు మూసి, ఇప్పుడు వెయ్యండి అంది.

వేశారు. వచ్చింది ట్రెజరర్ బొమ్మే. “ఈయన నవ్వేసరికి నా బ్యాటరీ అయిపోతుంది” అంది గొంతు.

నోరు మూసి ఉన్న మనిషి మాట్లాడలేడు గనుక అందరూ టీవీ వైపు తిరిగారు. మొదట పోల్చుకున్నది ట్రెజరర్ భార్యే. భర్త నోటి మీద చెయ్యి తీయకుండానే, “ఇది మన ఫొటో అన్నయ్యగారి గొంతు కదూ” అంది.

“నా గొంతు అలా ఉండదు” అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ మాట అచ్చం అలాగే ఉంది. ఈసారి నవ్వు హాలు దాటి వీధిలోకి వినిపించింది.

అసలు తాను ఫొటో తీసేటప్పుడు గొణుక్కుంటాడని ఆ మనిషికి తెలియదు. ఎదుట కూర్చున్నవాళ్ళు కెమెరాతో ఏదో లెక్క చూసుకుంటున్నాడనుకుని ఊరుకునేవారు. ఇప్పుడు విషయం అర్థమై ఆయన టీవీ దగ్గరికి ఉరికాడు. ఆపాలని ఒక మీట నొక్కితే శబ్దం ఇంకా పెరిగింది. వేరేది నొక్కితే, వచ్చిందే మళ్ళీ మళ్ళీ రావడం మొదలుపెట్టింది. అది పళ్ళ డాక్టరుది.

“పళ్ళ డాక్టరై ఉండి పళ్ళు దాచుకుంటాడేం” అని ఏడుసార్లు వినిపించింది. నాలుగోసారికి పిల్లలు గొంతు కలిపారు. అయిదోసారికి డాక్టరు భార్య కూడా కలిపింది. డాక్టరు లేచి నిలబడి, నా ఫొటో గోడకు పెట్టనక్కర్లేదు అన్నాడు. ట్రెజరర్ తనదీ అక్కర్లేదన్నాడు. సెక్రటరీ పొట్ట మీద చేతులు కట్టుకుని, ఈ కార్యక్రమాన్నే ఆపేస్తే మంచిదన్నాడు. సెక్రటరీ, ట్రెజరర్ ఒక మాట మీదికి రావడం ఆ భవనం చరిత్రలో అదే మొదలు.

ఫొటోగ్రాఫర్ వెనక వరస వైపు చూశాడు. భార్య తల వంచుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది అనుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటికి ఊరితో పాటు ఇల్లు కూడా పోయేలా ఉందే అనుకున్నాడు. ఆవిడ ఇక్కడ చేసిన ఆఖరి పనిని చేతులారా బజారు పాలు చేశాను, ఇంకే మొహంతో ఉండమంటాను అని చూపు తిప్పుకున్నాడు.

ఈ గందరగోళంలో చెయ్యి ఎక్కడ తగిలిందో, ప్లేయర్ డాక్టరును వదిలేసి తరవాతి దానికి వెళ్ళింది. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్కల టీచరమ్మ. రిటైరై ఇరవై ఏళ్ళయినా ఆవిడ లిఫ్టులోకి వస్తే పెద్దవాళ్ళు కూడా వరసలో నిలబడతారు. ఆవిడ గురించి ఈ గొంతు ఏమంటుందోనని హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది.

“అలాగే ఉండమ్మా... అలాగే... అబ్బ” అంది గొంతు. క్లిక్కుమంది. అంతే.

టీచరమ్మ కర్ర ఊతగా లేచింది. ఇంకోసారి వెయ్యమంది. సెక్రటరీయే వెళ్ళి ఇంకోసారి వేశాడు.

“ఆ చివర్న అన్న ‘అబ్బ’ నన్ను చూసేనా?” అని ఆవిడ ఫొటోగ్రాఫర్‌ను అడిగింది.

ఆయన తలూపాడు.

“నన్ను చూసి అలా అన్న మనిషి పోయి పదిహేనేళ్ళయింది” అంది టీచరమ్మ. కూర్చోలేదు. “ఇంకొక్కసారి వెయ్యి నాయనా.”

మూడోసారి కూడా వేశారు. ట్రెజరర్ భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు పళ్ళ డాక్టరు, వెళ్ళిపోతానన్నవాడు, గుమ్మం దగ్గర ఆగి, నా దాంట్లో కూడా చివర్న ఏదో వినిపించినట్టుంది, పిల్లల గోలలో సరిగా తెలియలేదు, మరొక్కసారి వెయ్యరాదా అని నెమ్మదిగా అడిగాడు. వేశారు. ఈసారి ఎవరూ నవ్వకుండా చివరిదాకా విన్నారు. పళ్ళు దాచుకుంటాడేం అన్న తరవాత, “ఆఁ, అదిగో. అబ్బ” అని ఉంది. ఆ క్షణాన టీవీలో డాక్టరు నిజంగా నవ్వుతున్నాడు. అంత చక్కగా నవ్వుతాడని ఆయన భార్యకే తెలియదట. డాక్టరు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఇక చూడండి, ఒకటే గోల. ట్రెజరర్ తనది మళ్ళీ వెయ్యమన్నాడు. బ్యాటరీ మాట తరవాత ఆయనకూ ఒక ‘అబ్బ’ ఉంది. సెక్రటరీకీ ఉంది, పొట్ట ఇంతకన్నా పోదు అన్నాక. మొదట నవ్వు ముంచేయడంతో ఎవరికీ వినిపించలేదు. ఒక్కో ఇంటిదీ వస్తుంటే అందరూ చివరి సెకను కోసం చెవులు రిక్కించి, అది రాగానే అబ్బో, వీళ్ళకీ వచ్చింది అని చప్పట్లు కొట్టారు. కెమెరా చూసి గుక్కపట్టిన పసిపిల్లకు వచ్చింది. పెళ్ళినాటి కోటు బొత్తాలు పట్టక విప్పేసి భుజాన వేసుకున్న ముసలాయనకు వచ్చింది. రాని ఇల్లు ఒక్కటీ లేదు.

ముప్పయ్యోది మూడో అంతస్తుది. దాన్ని చూడగానే ఫొటోగ్రాఫర్ కుర్చీ అంచుకు జరిగాడు. పది రోజుల కిందట లైటు చూసుకోవడానికని భార్యను గోడ ముందు నిలబెట్టి తీసినది. నొప్పిలేని కాలి మీద బరువు వేసి, ఇక చాలా అన్నట్టు చూస్తోంది ఆవిడ.

“ఒకటో తారీకు నుంచి నువ్వు లేకపోతే నేను...” అంది గొంతు.

సరిగ్గా అక్కడ స్పీకర్లు మూగబోయాయి. ఇది మొగుడూ పెళ్ళాల సొంత విషయం, మనం వినకూడదని సెక్రటరీకి పెద్దమనిషి తరహా గుర్తొచ్చి తీగ పీకేశాడు. జీవితంలో ఆయన చేసిన ఏ మంచి పనికీ ఇన్ని తిట్లు పడలేదు. నలువైపులా ‘లేకపోతే?’ ‘లేకపోతే?’ అని మొదలైంది.

టీచరమ్మ కర్రతో నేల మీద తట్టింది. హాలు నిశ్శబ్దమయ్యాక ఫొటోగ్రాఫర్ వైపు చూసి, “వాక్యం పూర్తి చెయ్యి” అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. చేతుల్లో కెమెరా లేకపోవడంతో వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నేను క్లిక్కుమనిపిస్తాను, అంతే” అన్నాడు భార్యతో, ముప్పై ఇళ్ళవాళ్ళ తలల మీదుగా. “ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నాకు తెలీదు. ఏనాడూ తెలీదు. అక్కడైతే నీకు మంచి కుర్చీ ఉంటుంది, మోకాలికి సుఖంగా ఉంటుంది, అందుకే నోరు మూసుకున్నాను. కానీ... వెళ్లొద్దు. కుర్చీ నేను కొంటాను.”

భార్య తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్న మాట నిజమే కానీ అవి మొదట్లో నవ్వి నవ్వి వచ్చినవి. ఇప్పుడు వచ్చినవి వేరు.

“పది రోజులుగా ఈ మాట హెడ్‌ఫోన్లలో వింటున్నాను” అంది. “ఎదురుగా ఎప్పుడంటారా అని చూస్తున్నాను.”

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడే వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుని, మోకాలు చాపుకుని, తీరిగ్గా చెప్పింది. పక్కన లైటు పట్టుకుని నిలబడిన రోజుల్లో ఆయన గొణుగుడంతా ఆవిడ చెవినే పడేది. క్లిక్కుకు ముందు ‘అబ్బ’ అన్నాడంటే అదే ఫొటో. అది ఎన్నోదో గుర్తు పెట్టుకుని, తరవాత తనకే తట్టినట్టు తీసి చూపించేది. మోకాలు మొరాయించి కంప్యూటరుకు అతుక్కుపోయాక నాలుగు నెలలు చీకట్లో తడుముకున్నట్టయింది. అదృష్టం కొద్దీ కొత్త కెమెరా వచ్చింది. అప్పటి నుంచి అన్నిటినీ మీడియా ప్లేయర్‌లో వేసి, ఆ ముక్క ఎక్కడ వినిపిస్తే అక్కడ ఆపి, ఆ వీడియోను వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటోంది.

“అంటే ఇన్నాళ్ళూ ఎంచింది నేనా?” అన్నాడాయన, కాస్త దిగాలుగా. ఇరవై రెండేళ్ళుగా భార్యలో చూసి మురిసిన గొప్పతనం ఉన్నట్టుండి తన నెత్తిన పడితే ఎవరికైనా బరువే.

“అన్నది మీరు, విన్నది నేను” అంది ఆవిడ. “మీరన్నది మీకే వినపడకపోతే ఎవరో ఒకరు వినాలిగా.”

గురువారం పెద్ద స్టూడియోలో రెండు వందల ఫొటోలు ఆవిడ ముందు పెట్టారట. అక్కడివాళ్ళు ఫొటో తీసేటప్పుడు నోరు విప్పరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసినా ఒక్కటి తేల్చలేకపోయిందట. మరి ఏసీ బాగుంది అన్నావుగా అని ఆయన నిలదీశాడు. అక్కడ నాకు తెలిసింది అదొక్కటే, మరేం చెప్పను అంది. ఎంచిన ఫొటోలు ఇరవై తొమ్మిదీ పక్క ఫోల్డర్‌లో ఉన్నాయని, తమ ఇంటిదొక్కటే మిగిలిందని కూడా చెప్పింది.

“మరి మన ఇంటి ఫొటో ఎందుకు ఎంచలేదు?” అని ఆయన అడిగాడు.

ముప్పై ఇళ్ళవాళ్ళూ వింటున్నారని గుర్తొచ్చి ఆవిడ పైట సర్దుకుంది. ఎంత గొంతు తగ్గించినా ఆ హాల్లో ముందు రెండు వరసలకు వినిపించింది, వాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు.

“నన్ను పదకొండు తీశారు” అంది. “పదకొండింటికీ అబ్బ అన్నారు. ఏది ఎంచమంటారు?”

మర్నాడు పొద్దున్న ఆవిడ పెద్ద స్టూడియోకు ఫోన్ చేసి, రాలేనని చెప్పింది. యజమాని కారణం అడిగితే, మీ ఫొటోగ్రాఫర్లు మరీ నెమ్మదస్తులండీ, వాళ్ళతో నాకు కుదరదు అంది. ఆయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని, ఉద్యోగులందరినీ పిలిచి ఆ మాట చెప్పి, ఇకమీదట కూడా అలాగే ఉండమన్నాడట.